కూలి దానం కాదు, బాకీ





పున్నమి నాడు వందన అయినంక అందరం కూర్చొని పంచశీల చెప్పుకుంటం. రెండో శీలం దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామందికి ఒక్కటే అర్థం తోస్తది: దొంగతనం చేయొద్దు. మనం ఎవరి ఇంట్ల చెంబు ఎత్తుకపోలేదు, ఎవరి చేన్ల కంకి ఇరువలేదు, కాబట్టి ఈ శీలం మనం పాటిస్తున్నట్టే అనుకుంటం. ఈ పాఠంలో ఆ శీలాన్నే ఇంకో దిక్కు నుంచి చూద్దాం. తనకు ఇయ్యనిది తీసుకోవద్దు అని తథాగతుడు చెప్పిండు. మరి ఒక మనిషి పొద్దందాక రెక్కలు ముక్కలు చేసుకొని పని చేసినంక, అతని కూలి ఆపుకున్నవాడు ఏం చేసినట్టు? ఆ మనిషి తన శ్రమను కూలికి ఇచ్చిండు, ఉత్తగ ఇయ్యలేదు. కూలి ఇయ్యకుంట శ్రమను ఉంచుకుంటే, అది ఇయ్యనిది తీసుకున్నట్టే.

"ధమ్మంల పైసల ముచ్చట ఎందుకు? ధ్యానం గురించి చెప్పండి" అని కొందరు అడుగుతరు. అడగవలసిన మాటే. కానీ అష్టాంగ మార్గంలో ఒక అంగం సమ్యక్ జీవనం. బతుకుతెరువు సరిగ్గ లేకుంటే మిగతా ఏడు అంగాలకు నేల దొరకదు. అందుకని ఈ పాఠం కూలి గురించి, జీతం గురించి, వాటి లెక్క గురించి.

1. మన ఊర్ల నాలుగు మాటలు

ఆత్మకూర్ అంటే మన దిక్కు ఒక్క ఊరు కాదు. జూరాల ప్రాజెక్టు దగ్గర, ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చిన ఆత్మకూర్ ఒకటి. పాత నల్గొండ జిల్లాలో ఇంకో రెండు: సూర్యాపేట దిక్కు ఆత్మకూర్ (ఎస్), భువనగిరి దిక్కు ఆత్మకూర్ (ఎం). ఈ మూడు ఊర్ల చుట్టుపక్కల పాత తరం వాళ్లను కదిలిస్తే రెండు తీర్ల కష్టాలు బయటికి వస్తయి. నల్గొండ దిక్కు వెట్టి, పాలమూరు దిక్కు వలస. ఈ రెండింటినీ అర్థం చేసుకోవాలంటే మనం రోజూ వాడే నాలుగు మాటలను విడదీసి చూడాలె.

వెట్టి. పని ఉంటది, కూలి ఉండదు. ఏ కులం ఏ పని ఊరికే చేయాల్నో దొర గడి నిర్ణయిస్తది. చెప్పులు కుట్టుడు, కబురు మోసుడు, బట్టలు ఉతుకుడు, కుండలు ఇచ్చుడు, అన్నీ పుట్టుకతో వచ్చిన బాధ్యతలే. 1946లో నల్గొండ జిల్లా నుంచి లేచిన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఈ వెట్టి ఒక ముఖ్య కారణం.

జీతం. పట్నపోళ్లకు జీతం అంటే నెల తిరిగేసరికి వచ్చే పైసలు. మన ఊర్ల "జీతం ఉన్నడు" అంటే అర్థం వేరు. పెండ్లికో, రోగానికో పటేలు దగ్గర అప్పు తెచ్చి, ఆ అప్పు కింద ఏడాదికి ఏడాది అతని ఇంట్ల, అతని చేన్ల పడి ఉండుడు. జీతగానికి పొద్దు లేదు, రాత్రి లేదు. అప్పు తీరదు, ఎందుకంటే ఆ లెక్క రాసే చెయ్యి వేరేవానిది. తండ్రి జీతం కొడుకు మీద పడేది. ఒకే మాట ఒక ఇంట్ల గౌరవం, ఇంకో ఇంట్ల బానిసత్వం.

కూలి. రోజు పనికి రోజు పైసలు. పటేలు ఇంటికి కట్టుబడి ఉండే బాధ లేదు. కానీ రేపటి పని ఖాయం లేదు. రెక్కాడితే గానీ డొక్కాడదు.

గుత్త. ఇంత మట్టి తీస్తే ఇంత, ఇన్ని ఎకరాలు కోస్తే ఇంత అని మొత్తం పనికి ఒక రేటు మాట్లాడుకునుడు. ఒక్కసారి చూస్తే పెద్ద మొత్తం లెక్క కనబడ్తది. రోజుకు, గంటకు పంచి చూస్తే అసలు సంగతి తెలుస్తది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది, కాల్వలు తవ్వింది, రోడ్లు పోసింది ఎక్కువగా మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మీదనే. మేస్త్రీ ముందుగాల అడ్వాన్సు ఇస్తడు. ఆ అడ్వాన్సే మెడకు తాడైతది.

ఈ నాలుగు మాటలల్ల ఒక వరుస ఉన్నది. వెట్టిలో లెక్కే లేదు. జీతంలో లెక్క ఉన్నది, కానీ యజమాని చేతిలో ఉన్నది. కూలిలో, గుత్తలో లెక్క ఇద్దరి మధ్య ఉండాలె, కానీ చాలాసార్లు మేస్త్రీ చిట్టీలోనే ఉంటది. మన విముక్తి అంటే ఆ లెక్కను మన కండ్ల ముందటికి, మన చేతికి తెచ్చుకునుడు.

2. తథాగతుడు చెప్పిన యజమాని ధర్మం

దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఉన్నది. రాజగృహంలో సిగాలుడు అనే యువకుడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటే తథాగతుడు చూసిండు. దిక్కులకు మొక్కుడు అంటే మన చుట్టూ ఉన్న మనుషుల పట్ల బాధ్యత నెరవేర్చుడు అని వివరించిండు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, పై దిక్కు శ్రమణులు, బ్రాహ్మణులు. కింది దిక్కు పనివాళ్లు.

పనివాళ్ల పట్ల యజమాని చేయవలసినవి ఐదు అని ఆ సుత్తంలో ఉన్నది. వాళ్ల బలానికి తగ్గ పని చెప్పుడు. తిండి, కూలి ఇచ్చుడు. రోగం వస్తే చూసుకునుడు. మంచి తిండి దొరికినప్పుడు వాళ్లతో పంచుకునుడు. సమయానికి సెలవు ఇచ్చుడు. ఇయ్యాల మనం పని గంటలు, కనీస వేతనం, వైద్య బీమా, బోనస్, వారపు సెలవు అంటున్నం. పేర్లు కొత్తవి, బాధ్యత రెండున్నర వేల ఏండ్ల కిందటిది.

దీన్ని మనుస్మృతి పక్కన పెట్టి చూడండి. అందులో శూద్రుడు సేవ చేయాలె, శక్తి ఉన్నా ధనం కూడబెట్టొద్దు, అతనికి మిగిలిన అన్నం, పాత బట్టలు ఇయ్యాలె అని ఉన్నది. అక్కడ ఇచ్చేది యజమాని దయ. సిగాలోవాదంలో ఇచ్చేది యజమాని బాధ్యత. దయకు లెక్క అడగలేం. బాధ్యతకు అడగొచ్చు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టించిండంటే, కాల్చింది ఈ "దయ"ను కూడా.

సుత్తంలో పనివాళ్ల బాధ్యతలు కూడా ఐదు ఉన్నయి. యజమాని కంటే ముందు లేచుడు, తర్వాత పండుకునుడు, ఇచ్చిందే తీసుకునుడు, పని బాగా చేసుడు, మంచిపేరు నిలబెట్టుడు. ఇందులో మొదటి రెండు ఆ కాలంలో ఇంట్లనే ఉండి పనిచేసేవాళ్ల సంగతి, వాటిని ఎనిమిది గంటల పనికి అడ్డం పెట్టొద్దు. మిగతా మూడు ఇయ్యాలకు కూడా వర్తిస్తయి. పని తప్పించుకొని హాజరు వేయించుకునుడు ధమ్మం కాదు. మన పని నికార్సుగా ఉంటేనే మన అడుగుడు నికార్సుగా ఉంటది.

ఇంకో రెండు సుత్తాలు గుర్తు పెట్టుకోండి. కూటదంత సుత్తంలో ఒక పాతకాలపు రాజు యాగం చేయాలనుకుంటే, పురోహితుడు వేరే సలహా ఇస్తడు: రైతుకు విత్తనం ఇయ్యి, వ్యాపారికి పెట్టుబడి ఇయ్యి, కొలువు చేసేటోనికి తిండి, వేతనం ఇయ్యి, అప్పుడు రాజ్యం చల్లగుంటది అని. ఆ యాగంలో పనివాళ్లు కర్ర దెబ్బల భయంతో, కన్నీళ్లతో పని చేయలేదని కూడా ఆ సుత్తం ప్రత్యేకంగా చెప్తది. చక్కవత్తి సీహనాద సుత్తంలో, పేదలకు ధనం అందనప్పుడు దరిద్రం పెరుగుతది, దరిద్రం నుంచి దొంగతనం, దాని నుంచి హింస, అబద్ధం పుడ్తయి అని ఉన్నది. అంటే ఆపిన కూలి ఒక్క ఇంటి బాధ కాదు, ఊరి శీలాన్నే చెడగొడ్తది.

అంగుత్తర నికాయంలో అనాథపిండికునికి చెప్పిన నాలుగు గృహస్థ సుఖాలల్ల మూడోది అనణ సుఖం, అంటే అప్పు లేని సుఖం. అడ్వాన్సు తీసుకొని పోయి, ఆరు నెలలు చేసి, అప్పుతోనే తిరిగి వచ్చిన మనిషికి ఈ సుఖం అంటే ఏందో ఎవరూ వివరించే పని లేదు.

3. బాబాసాహెబ్ కూలిని హక్కు చేసిండు

మహర్లకు వతన్ అనే పద్ధతి ఉండేది. కొద్దిపాటి భూమి, ఊరి నుంచి గింజలు ఇచ్చి, రాత్రింబవళ్లు సర్కారు పని, ఊరి పని చేయించుకునేది. ఇది మన వెట్టికి అన్నదమ్ముల వరుస. 1928లో బొంబాయి శాసన మండలిలో బాబాసాహెబ్ ఈ పద్ధతిని మార్చే బిల్లు పెట్టిండు. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ స్థాపించిండు. 1938 నవంబర్ 7న, కార్మికుల సమ్మె హక్కును కట్టడి చేసే బిల్లుకు వ్యతిరేకంగా బొంబాయిలో జరిగిన సమ్మెకు ముందు నిలబడ్డడు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఆయన కార్మిక శాఖ సభ్యుడు. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి పని గంటలను వారానికి 48కి తగ్గించిన కాలం అది. 1946 ఏప్రిల్ 11న కనీస వేతనాల బిల్లును కేంద్ర శాసనసభలో పెట్టింది ఆయనే. అది 1948లో చట్టమైంది. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. 39వ అధికరణంలో ఆడ, మగ తేడా లేకుంట సమాన పనికి సమాన వేతనం, 43లో బతకడానికి సరిపోయే వేతనం ఆదేశిక సూత్రాలుగా చేరినయి.

ఈ 23వ అధికరణం పాలమూరు కూలీలకు ఎట్ల పనికొస్తదో ఒక తీర్పు చెప్తది. 1982 ఏషియన్ క్రీడల కోసం ఢిల్లీలో కట్టడాలు కట్టిన కూలీలను జమాదార్లు తెచ్చిన్రు. రోజు కూలి రూ. 9.25. అందులో రూపాయి జమాదారు కమీషన్ కింద పట్టుకునేటోడు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1982 సెప్టెంబర్‌లో కోర్టు ఏం చెప్పిందంటే, కనీస వేతనం కంటే తక్కువకు ఎవరైనా పని చేస్తున్నరంటే అది ఇష్టంతో చేసేది కాదు, ఆకలి నెట్టితే చేసేది. కాబట్టి అది కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే. మరుసటి ఏడాది రాజస్థాన్ కేసులో, కరువు పనుల్లో పెట్టుకున్న కూలీలకు కూడా కనీస వేతనం తగ్గించొద్దని అదే కోర్టు చెప్పింది. కరువు మన జిల్లాలకు కొత్త కాదు గదా. "కరువుల పని దొరికిందే ఎక్కువ" అనే మాట చట్టం ముందు చెల్లదు.

4. ఇయ్యాల చట్టంలో ఏమున్నది

1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1965 నాటి బోనస్ చట్టం, 1976 నాటి సమాన వేతన చట్టం, ఈ నాలుగింటిని కలిపి 2019లో వేతనాల కోడ్ చేసిన్రు. అది 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మనం నోటికి పట్టుకోవలసినవి ఇవి.

ఎప్పుడు ఇయ్యాలె: రోజు కూలి అయితే ఆ రోజు పని దిగేసరికి. వారం కూలి అయితే వారపు సెలవుకు ముందటి పని దినం నాడు. నెల జీతం అయితే మరుసటి నెల ఏడో తారీకు దాటకుంట. పని నుంచి తీసేసినా, మనమే మానేసినా, రెండు పని దినాలల్ల మొత్తం లెక్క తేల్చాలె.

ఎంత ఇయ్యాలె: ప్రభుత్వం ఆ పనికి ప్రకటించిన కనీస వేతనానికి తగ్గొద్దు. ఆడ, మగ తేడాతో రేటు మార్చొద్దు. మామూలు పని గంటలు దాటితే, దాటిన గంటలకు రెట్టింపు.

ఎంత పట్టుకోవచ్చు: కోతలు చట్టంలో చెప్పిన కారణాలకే ఉండాలె. అన్ని కోతలు కలిపి వేతనంలో సగం దాటొద్దు. జరిమానా వేయాలంటే ముందు కార్మికుని మాట వినాలె.

ఎవరు బాధ్యులు: కాంట్రాక్టర్ ఇయ్యకుంటే, ఆ పని ఎవరి సంస్థదో వాళ్లు ఇయ్యాలె. "మేస్త్రీని అడుగుపో" అని తప్పించుకునే వీలు లేదు.

ఎవరు రుజువు చేయాలె: కూలి రాలేదని మనం ఫిర్యాదు చేస్తే, ఇచ్చినట్టు రుజువు చూపించే బాధ్యత యజమానిది. ఫిర్యాదుకు మూడేండ్ల గడువు ఉన్నది. "నాకు ఏ బాకీ లేదు, తక్కువ కూలికి ఒప్పుకున్న" అని ముందుగాల వేలిముద్ర తీసుకున్నా, చట్టం ఇచ్చిన హక్కు ఆ కాయితంతో పోదు.

అప్పు కింద కట్టేసుకొని చాకిరి చేయించుకుంటే 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఉన్నది. ఆ అప్పు రద్దయితది, తీర్చాల్సిన పని లేదు. విడిపించే బాధ్యత జిల్లా కలెక్టర్‌ది. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఈ చట్టాన్ని పట్టుకొని జీతగాళ్లను విడిపించడానికి పనిచేసిండు. ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించుడు అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరం. బౌద్ధం తీసుకుంటే ఎస్సీ హక్కు పోతదేమో అన్న భయం పెట్టుకోవద్దు. 1990 సవరణతో బౌద్ధులకు కూడా ఆ గుర్తింపు ఉన్నది.

5. లెక్క కట్టి చూద్దాం

ఒక జంటను అనుకుందాం. మేస్త్రీ రూ. 60,000 అడ్వాన్సు ఇచ్చి, "ఇద్దరికి కలిపి నెలకు రూ. 20,000" అని ఆరు నెలలకు తోలుకపోయిండు. మొత్తం రూ. 1,20,000. చివరికి చిట్టీ తీసి లెక్క చెప్తడు: అడ్వాన్సు 60,000 పాయె. వారం ఖర్చులకు 1,500 చొప్పున 26 వారాలు, 39,000 పాయె. బస్సు కిరాయి 4,000 పాయె. మిగిలింది 17,000. దానికి నాగాలు అని పేరు పెట్టి కొట్టేస్తడు. జంట ఉత్త చేతులతో ఇల్లు చేరుతది, మల్ల కొత్త అడ్వాన్సు తీసుకుంటది.

ఇప్పుడు మనం లెక్క కడదాం. నెలకు 26 పని దినాలు అనుకుంటే ఆరు నెలలకు 156 రోజులు. ఇద్దరికి 312 కూలి దినాలు. 1,20,000ను 312తో భాగిస్తే రోజుకు సుమారు రూ. 385. ఫర్వాలేదు అనిపిస్తది. కానీ పని 12 గంటలు. ఎనిమిది గంటలు మామూలు పని, మిగతా నాలుగు గంటలకు రెట్టింపు అంటే ఎనిమిది గంటల కూలికి సమానం. అంటే 385 రూపాయలు 16 గంటల కూలి అన్నట్టు. గంటకు రూ. 24, ఎనిమిది గంటల రోజుకు రూ. 192 మాత్రమే. ఈ 192ను ఆ రాష్ట్రంలో ఆ పనికి ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టి చూడాలె, 385ను కాదు.

నాగాల సంగతి చూడండి. రోజుకు 385 లెక్కన 17,000 అంటే 44 నాగాలు. ఏ నెలల, ఏ తారీకున, ఎవరు పనికి రాలేదో మేస్త్రీ చూపించాలె. మన దగ్గర చిన్న నోటుబుక్కు ఉండి, రోజూ తారీకు, పని, గంటలు, తీసుకున్న పైసలు రాసుకొని ఉంటే, ఆయన 44 అన్నప్పుడు మనం "ఆరు" అని చెప్పగలం. రాసుకోకుంటే ఆయన చిట్టీయే సత్యమైతది. బస్సు కిరాయి సంగతి కూడా అడగాలె. వేరే రాష్ట్రానికి తీసుకపోయిన వలస కార్మికునికి పోను, రాను చార్జీలు ఇచ్చే బాధ్యతను చట్టం యజమాని మీదనే పెట్టింది.

ఇంకొక్క మాట. జంట కూలి మొత్తం మగాయన చేతిలనే పెడ్తరు. అక్కలారా, మీ 156 రోజులు మీవి. మీ పేరు మీద, మీ ఖాతాలో పడాలని అడుగుడు ఇంటిని విడగొట్టుడు కాదు. ఆ పైసలు సారా దుకాణం దాకా పోకుంట ఆగితే ఐదో శీలానికి కూడా కాపలా.

జడ్చర్ల, షాద్‌నగర్, హైదరాబాద్ కంపెనీలల్ల చేస్తున్న పిల్లలకు చిట్టీ బదులు పే స్లిప్ ఉంటది. ఆ స్లిప్ అడిగి తీసుకోండి, అది మీ హక్కు. అందులో మూల వేతనం, కరువు భత్యం ఎంతనో చూడండి. పీఎఫ్ కింద మీ నుంచి 12 శాతం పట్టుకుంటే, యజమాని కూడా అంతే కలపాలె. నెలకు రూ. 21,000 దాకా వేతనం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తించేచోట మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. స్లిప్‌ల కోత కనబడ్తది గానీ, ఖాతాలో జమ అయిందా లేదా అన్నది కనబడదు. మీ యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్కు తెరిచి నెలనెలా చూసుకోండి. పట్టుకొని కట్టకపోవుడు కూడా రెండో శీలం ముచ్చటే.

6. అడిగే తీరు

చట్టం ఇంత మంచిగ ఉంటే మనోళ్లు ఎందుకు అడగరు? భయం. అడిగితే వచ్చే యేడు పని దొరకదు. అడ్వాన్సు దొరకదు. పరాయి ఊర్ల భాష రాదు, తెలిసినోళ్లు లేరు. ఈ భయం ఉత్తది కాదు. దాన్ని చులకన చేసి "ధైర్యంగ ఉండు" అని చెప్పుడు తేలిక. అందుకే ఒంటరిగ అడగొద్దు. తథాగతుడు సంఘాన్ని ఎందుకు కట్టిండో ఇక్కడ అర్థం చేసుకోండి. పదిమంది ఒకే నోటుబుక్కు లెక్కతో, ఒకే మాటతో పోతే, ఆ పదిమందినీ పనిలకెళ్లి తీసేసుడు మేస్త్రీకి అంత తేలిక కాదు.

మంచి మాటకు ఐదు గుణాలు ఉండాలని అంగుత్తర నికాయంలో ఉన్నది. సమయానికి, సత్యంగా, మృదువుగా, మేలు చేసేట్టుగా, మైత్రితో మాట్లాడాలె. కూలి అడిగేటప్పుడు ఈ ఐదూ పనికొస్తయి. సమయానికి అంటే పనికి పోకముందే రేటు, గంటలు, కోతలు కాయితం మీద రాయించుకునుడు. సత్యంగా అంటే మన నాగాలు మనమే ఒప్పుకునుడు, మిగతాది విడిచిపెట్టకపోవుడు. మృదువుగా అంటే తిట్టకుంట. మేలు చేసేట్టుగా అంటే నా ఒక్కని లెక్క కాదు, నా పక్కన చేసినామె లెక్క కూడా. మైత్రి అంటే తల వంచుడు కాదు. ఎదుటివాన్ని ఇయ్యనిది తీసుకునే పాపం నుంచి తప్పించుడు కూడా మైత్రే.

మాటతో తేలకపోతే కార్మిక శాఖ అధికారికి రాసి ఇయ్యండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెడ్తది. దాని ఫోను నంబరు 15100. ఈ నంబరు విహారం గోడ మీద రాసి పెట్టుకుంటే మంచిది.

7. మన దిక్కు కూడా చూసుకుందాం

ఇప్పటిదాకా వేరేవాళ్ల లెక్క చూసినం. ఇప్పుడు కష్టమైన భాగం.

మనలో కొందరు చదువుకున్నరు, ఉద్యోగాలు వచ్చినయి. కొందరు మేస్త్రీలైన్రు, చిన్న కాంట్రాక్టులు పట్టిన్రు. ఇల్లు కట్టుకున్నరు, ఇంట్ల గిన్నెలు తోమడానికి ఒకామెను పెట్టుకున్నరు. గోడ మీద బాబాసాహెబ్ ఫొటో ఉన్నది, పక్కన బుద్ధుడు. ఆమె రెండు రోజులు జ్వరంతో రాకపోతే పైసలు కోసినమా? పండుగ నాడు మిగిలిన అన్నమే ఇచ్చినమా? మన మంది కూలి మన జేబుల నెల దాటిందా? "మనోళ్లే గదా, తర్వాత ఇస్తం" అన్నమా? అట్ల అన్ననాడు మనం వదిలేసి వచ్చిన గడి మన ఇంట్లకే వచ్చినట్టు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలల్ల మనుషులందరూ సమానమని నమ్ముడు ఉన్నది, దొంగతనం మానుడు ఉన్నది. ఆ రెండూ కలిసే చోటు మనం ఇచ్చే కూలి.

కాబట్టి ఈ పున్నమికి ఒక చిన్న పని పెట్టుకుందాం. ఎవరికైనా మనం కూలి బాకీ ఉంటే, వందనకు వచ్చేముందే ఇచ్చి వద్దాం. ఎవరైనా మనకు బాకీ ఉంటే, దాన్ని నోటుబుక్కుల రాసుకొని వద్దాం. దానం గొప్పది, కానీ బాకీ తీర్చినంకనే దానం. కూలి ఆపుకొని విహారానికి చందా ఇస్తే ఆ చందా వేరేవాళ్ల చెమట.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్ల పాత తరంలో ఎవరైనా "జీతం" ఉన్నరా? ఆ అప్పు ఎంత, ఎన్నేండ్లకు తీరింది? పెద్దలను అడిగి రాసుకోండి.
2. మీ పోయిన నెల కూలిని ఎనిమిది గంటల రోజు లెక్కలోకి మార్చి చూడండి. ఎంత వచ్చింది?
3. సిగాలోవాద సుత్తం చెప్పిన యజమాని ఐదు బాధ్యతలల్ల మీ యజమాని ఎన్ని పాటిస్తున్నడు? మీ దగ్గర పనిచేసేవాళ్ల పట్ల మీరు ఎన్ని పాటిస్తున్నరు?
4. మీ వాడలో వలస పోయేవాళ్లు పోకముందే ఒప్పందం రాయించుకోవాలంటే విహారం ఏం సాయం చేయగలదు?

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు. జై భీం.